లేబుల్ మీద లేనిదాన్ని తల్లి ఎలా చదువుతుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటి వస్తువుల్లోని హానికర రసాయనాల నుంచి పసిపిల్లలను కాపాడుకోవడం గురించి గత ఆదివారం మీ అనుబంధంలో ఒక వ్యాసం వేశారు. అవసరమైన విషయమే. చెప్పిన జాగ్రత్తల్లో తప్పు పట్టవలసినవీ పెద్దగా లేవు. కానీ ఉన్న పదమూడు సూచనలూ తిరిగి తిరిగి తల్లి దగ్గరికే వచ్చి ఆగాయి. తల్లి గమనించాలి, తల్లి చదవాలి, తల్లి ఎంచుకోవాలి. (తండ్రులకు కళ్లుండవా అన్నది మరో ఉత్తరానికి దాచుకుంటాను.) నేను ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. మీ సూచనలు పాటిద్దామని బయలుదేరి ఎక్కడ ఆగిపోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా మనవరాలికి పదో నెల. పాకుతోంది. దొరికిన ప్రతి వస్తువునూ ముందు నోటికి పరిచయం చేసి, తర్వాత తీరిగ్గా కళ్లతో చూస్తుంది. అందుకని నేల తుడిచే ద్రవంతోనే మొదలుపెట్టాను. సీసా వెనక నాలుగు మాటలున్నాయి: క్రియాశీల పదార్థం, రంగు, సుగంధం, నీరు. మొదటిదానికి పేరూ శాతమూ ఇచ్చారు. సుగంధం దగ్గర ఏమీ లేదు. ఆ ఒక్క మాట చాటున పదుల కొద్దీ పదార్థాలు ఇమిడిపోవచ్చు. వాసన ఎక్కువసేపు నిలవడానికి థాలేట్ల జాతి రసాయనాలు (ఒంట్లోని హార్మోన్ల పనికి అడ్డుపడతాయన్న అనుమానం ఉన్నవి) కలపడమూ ఉంది. సీసా మీది నంబరుకు ఫోన్ చేసి అడిగాను. తమ ఉత్పత్తి అన్ని ప్రమాణాలకూ లోబడే ఉందన్నారు. ఏ ప్రమాణాలండీ అంటే మళ్లీ అదే వాక్యం చెప్పారు, ఈసారి ఇంకాస్త మర్యాదగా. ఫోన్ పెట్టేశాక సీసాను తిప్పి చూశాను. ముందువైపు నిగనిగలాడే నిమ్మకాయ బొమ్మ, లోపల పసుపు రంగు ద్రవం. మూడేళ్ల పిల్లవాడికి అది షర్బత్తులా కాక మరెలా కనిపిస్తుంది?

ఒక మాట ముందే చెప్పాలి. 'రసాయనం' అన్న పదం తిట్టుగా మారిపోవడం నాకు బాధగా ఉంటుంది. నీరూ రసాయనమే. అలాగే 'సహజం' అన్న పదానికి దండం పెట్టడమూ నాకు చేతకాదు. సీసం (లెడ్) అనే విష లోహం భూమిలో సహజంగా దొరికేదే. ఏ పదార్థమైనా ఎంత మోతాదులో, ఏ దారిన, ఏ వయసులో ఒంట్లోకి వెళ్తుందన్నదే లెక్క. ఆ లెక్కలో పసివాడు చిన్న సైజు పెద్దమనిషి కాడు. కిలో బరువుకు పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తాడు, ఎక్కువ తింటాడు, ఎక్కువ తాగుతాడు. ధూళి పేరుకునే నేలకు జానెడు ఎత్తులో బతుకుతాడు. విషాన్ని విరిచి బయటికి పంపే కాలేయం, మూత్రపిండాలు ఇంకా పని నేర్చుకుంటూ ఉంటాయి. ఒకే చోట నుంచి మింగిన సీసంలో పెద్దవాళ్ల కంటే పసిపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీసానికి సురక్షితమైన మోతాదు అన్నదే తెలియదనీ ఆ సంస్థే అంటోంది.

ఆ సీసం కథ మనకు కొత్తది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు 1904లోనే పిల్లలకు సీసం వల్ల వస్తున్న జబ్బుకు మూలం వరండా కటకటాల పెయింటు అని పట్టుకున్నాడు. ఎండకు పొడిబారిన రంగు చేతులకు అంటుకోవడం, ఆ చేతులు నోట్లోకి వెళ్లడం, అంతే. అమెరికా ఇళ్ల పెయింటులో సీసాన్ని నిషేధించింది 1978లో. మధ్యలో 74 ఏళ్లు. అన్నేళ్లూ తల్లులకు జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు: చేతులు కడగండి, గోళ్లు కత్తిరించండి, గోడ నాకకుండా చూడండి. 2020లో యూనిసెఫ్, కాలుష్యం మీద పనిచేసే ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే దాదాపు 80 కోట్ల మందిలో, డెసిలీటరుకు (అంటే 100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములో అంతకు మించో సీసం ఉంది. చేతులు కడిగితే పోయేదైతే ఈపాటికి పోయి ఉండేది.

జాగ్రత్తలు వృథా అనడం లేదు. మా ఇంట్లోనూ కొన్ని కచ్చితంగా పాటిస్తున్నాం. బ్లీచింగ్ ద్రవాన్ని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపం, కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. శుభ్రపరిచే ద్రవాలను మంచినీళ్ల సీసాల్లోకి వంపుకోం. తలుపులు బిగించిన గదిలో దోమల కాయిల్ వెలిగించం. ఒక కాయిల్ కాలి వదిలే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానితో సమానమని 2003లో కొలిచి చూపించారు. ఇవన్నీ ఇంటివాళ్లు చేయగలిగిన పనులు, ఎందుకంటే వీటిలో ప్రమాదం ఏమిటో ఇంటివాళ్లకు తెలుసు. తెలియనిచోట ఏమవుతుందో కలరా ఉండల దగ్గర చూడండి. బట్టల మధ్య వేసే ఆ తెల్లటి ఉండల్లో చాలావరకు నాఫ్తలీన్ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన బిడ్డకు, ఆ ఉండల మధ్య దాచిన బట్టలు తీసి తొడిగితే చాలు, ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదరవచ్చు. ముదిరితే మెదడుకే ముప్పు. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. నేను కొన్న పొట్లం మీద ఈ సంగతి ఒక్క ముక్క లేదు. పిల్లలకు అందకుండా ఉంచమని మాత్రం రాసి ఉంది. బిడ్డకు అది చేయి చాచి అందుకోనక్కర్లేదు కదా, బట్టే ఒంటి మీదికి తెస్తోంది!

భారం ఎవరి మీద వేస్తే పని జరుగుతుందో చూపించినవాడు కెనడాలోని విండ్సర్ నగరపు పిల్లల వైద్యుడు ఆన్రీ బ్రో. మందుబిళ్లలు మింగి ఆసుపత్రికి వచ్చే పసివాళ్లను చూసి చూసి ఆయన విసిగిపోయాడు. మందులు దాచిపెట్టండని ఊరికి చెప్పడం అప్పటికే అయింది. ఇక లాభం లేదని సీసా మూత మీద పడ్డాడు. అరచేత్తో నొక్కి తిప్పితే తప్ప తెరుచుకోని మూత 1967లో ఆ నగరంలో వాడుకలోకి వచ్చింది. పిల్లలు విషం మింగిన కేసులు గబగబా తగ్గాయి. అమెరికా 1970లో చట్టం చేసి మందులతో పాటు ఇంట్లో వాడే ప్రమాదకర ద్రవాలకూ అలాంటి మూతలు తప్పనిసరి చేసే వీలు కల్పించింది. ఆ చట్టంతో తల్లులు కొత్తగా జాగ్రత్తపరులు కాలేదు. మూత మారింది.

అయితే చట్టం ఒక్కొక్క పేరునే పట్టుకుంటే తయారీదారు పక్క పేరుకు మారతాడు. 1970ల్లో అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులకు నిప్పంటకుండా బ్రోమిన్ ఉన్న ట్రిస్ అనే రసాయనం పూసేవారు. అది జన్యువులను దెబ్బతీస్తుందని ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్తలు 1977లో రాశారు, ఆ ఏడాదే నిషేధించారు. బదులుగా క్లోరిన్ ఉన్న ట్రిస్ వచ్చింది. దాని గుణమూ అంతేనని తేలాక దుస్తుల్లోంచి తప్పుకుంది. తప్పుకుని ఎక్కడికి పోయింది? 2011లో పసిపిల్లల కుర్చీలు, పరుపుల వంటి వాటి ఫోమ్‌ను పరీక్షించినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా దొరికింది అదే. గట్టి ప్లాస్టిక్ పాలసీసాల తయారీలో వాడిన బిస్ఫినాల్ ఏ (బీపీఏ) అనే రసాయనం కథా ఇలాంటిదే. 2011లో ఐరోపా, 2012లో అమెరికా పాలసీసాల్లో దాన్ని వద్దన్నాయి. ఇతర ప్లాస్టిక్ వస్తువుల మీద 'బీపీఏ లేదు' అన్న ముద్రలు వెలిశాయి, వాటిలో కొన్నింట్లోకి దాని తోబుట్టువు బిస్ఫినాల్ ఎస్ వచ్చి కూర్చుంది. ముద్ర అబద్ధం కాదు. నిజం కూడా పూర్తిగా కాదు.

కనుక నేను కోరేది పొడుగాటి జాబితా కాదు. పసివాళ్లున్న ఇంట్లోకి వచ్చే వస్తువుల్లో ఏమేం కలిపారో అన్నీ, సుగంధంతో సహా, ఇంట్లో మాట్లాడే భాషలో, కళ్లజోడు లేకుండా కనిపించే అక్షరాల్లో రాయించాలి. హానికరమని తేలిన రసాయనాన్ని దాని దగ్గరి చుట్టాలతో కలిపి పరిశీలించాలి. హాని లేదని అమ్మేముందు చూపించే బాధ్యత అమ్మేవాడిదే కావాలి. ఐరోపా 2007 నుంచి ఇంచుమించు ఈ పద్ధతిలోనే నడుస్తోంది: రసాయనం గురించి సమాచారం ఇవ్వకపోతే దానికి మార్కెట్ లేదు. అక్కడా లోపాలున్నాయి, గడువులు దాటిపోతుంటాయి. దారి మాత్రం సరైనది. వ్యాపార రహస్యం బయటపడుతుందని కొందరు అంటారు. పాళ్లు ఎవరూ అడగడం లేదు, పేర్లు అడుగుతున్నాం. బిస్కెట్ల పొట్లం మీద ఉప్పు, చక్కెర వరుసగా రాస్తున్నారు, దానివల్ల ఏ బిస్కెట్ల కంపెనీ మూతపడిందో నేను వినలేదు.

చివరిగా మీ పత్రిక సంగతి. ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే కింద పావు పేజీ ప్రకటన ఉంది, నేల తుడిచే ద్రవానిదే. పాకుతున్న పాపాయి బొమ్మ, పక్కన 'పసివాళ్లకు పూర్తిగా సురక్షితం' అన్న మాట. పైన వ్యాసంలో తల్లులను లేబుల్ చదవమన్నారు, కింద డబ్బు తీసుకుని లేబుల్ చదివే పని లేదన్నారు. ఆ 'పూర్తిగా' అన్న మాటకు ఆధారమేమిటో ప్రకటన ఇచ్చినవారిని మీరు అడగండి. నేను ఫోన్ చేస్తే చెప్పనివాళ్లు మీరు అడిగితే చెప్పవచ్చు. వచ్చిన పదార్థాల జాబితాను వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే చోటులో వేయండి. ఏమీ రాకపోతే ఆ సంగతే వేయండి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు