కౌంటర్ సిస్టమ్‌కి ఉమ్మడి లాగిన్ ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్ కానివ్వండి, కాలేజీ ఎగ్జామ్ సెక్షన్ కానివ్వండి, సహకార సంఘం క్యాష్ కౌంటర్ కానివ్వండి, ఒకే సిస్టమ్ మీద షిఫ్టుల వారీగా ముగ్గురు నలుగురు కూర్చుంటారు, అందరూ ఒకే లాగిన్ వాడతారు. పాస్‌వర్డ్ రాసిన కాగితం మానిటర్‌కి అంటించి ఉంటుంది, లేదంటే కీబోర్డు ఎత్తితే కనిపిస్తుంది. సైబర్ భద్రత గురించి ఎవరు మాట్లాడినా ముందు ఆ కాగితం అంటించిన సిబ్బందినే తప్పుపడతారు. నేను ఆఫీసు నెట్‌వర్కులు చూసుకుని బతికేవాణ్ణి. ఆ ఉమ్మడి లాగిన్ సిబ్బంది పుట్టించింది కాదు, చాలాచోట్ల నెట్‌వర్క్ పెట్టినవాళ్లే వేరే దారి తెలియక చేతికిచ్చి వెళ్లింది అని గట్టిగా చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను. లూప్‌బ్యాక్ ప్రాసెసింగ్ అనే ఆ వేరే దారి విండోస్‌లో 2000 సంవత్సరం నుంచీ ఉంది. డొమైన్, అంటే సిస్టమ్‌లనీ ఖాతాలనీ ఒకేచోటి నుంచి నడిపే ఏర్పాటు, ఉన్న ఆఫీసు దానికోసం విడిగా పైసా కట్టక్కర్లేదు.

అసలు ఇది ఎలా మొదలవుతుందో చెప్తాను. కాస్త పెద్ద ఆఫీసుల్లో సిస్టమ్‌లన్నీ ఒక డొమైన్‌లో ఉంటాయి, యాక్టివ్ డైరెక్టరీ అంటారు. అందులో ఉద్యోగుల ఖాతాలు ఒక విభాగంలో, కంప్యూటర్ల ఖాతాలు ఇంకో విభాగంలో పెట్టుకుంటారు, ఈ విభాగాలనే అడ్మిన్లు ఓయూ అంటారు. గ్రూప్ పాలసీ అనేది రూల్స్ పంపే ఏర్పాటు, దానికి రెండు సగాలు. కంప్యూటర్ సగం మెషీన్ ఆన్ అయినప్పుడు వస్తుంది, యూజర్ సగం మనిషి లాగిన్ అయినప్పుడు వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది: యూజర్ సగం ఆ మనిషి ఖాతా ఏ ఓయూలో ఉందో మాత్రమే చూస్తుంది, ఆయన ఇప్పుడు ఏ సిస్టమ్ ముందు కూర్చున్నాడో దానికి పట్టదు. కంట్రోల్ ప్యానెల్ దాచడం, డ్రైవులు కనపడకుండా చేయడం, డెస్క్‌టాప్ మీద ఏముండాలో చెప్పడం లాంటివన్నీ ఎక్కువగా ఈ యూజర్ సగంలోనే ఉంటాయి.

ఇప్పుడు ఒక అడ్మిన్‌కి కౌంటర్ సిస్టమ్‌లని కట్టుదిట్టం చేయమని పని చెప్పారనుకోండి. ఆ సిస్టమ్‌లన్నీ ఒక ఓయూలో పెడతాడు, పాలసీ తయారు చేసి దానికి లింక్ చేస్తాడు, వెళ్లి చూస్తే ఏమీ జరగదు. పాలసీని వెంటనే తెచ్చుకోమని జీపీఅప్‌డేట్ ఫోర్స్ కమాండ్ కొడతాడు, రీస్టార్ట్ చేస్తాడు, మళ్లీ కొడతాడు, అయినా ఏమీ రాదు. ఎందుకంటే ఆ ఓయూలో మనుషుల ఖాతాలు లేవు కదా. సరే అని అదే పాలసీని ఉద్యోగుల ఓయూకి లింక్ చేస్తాడు. ఈసారి కౌంటర్‌లో బాగానే పనిచేస్తుంది, కానీ తన గదిలో తన సొంత సిస్టమ్ మీద జీతాల షీట్ చేసుకుంటున్న అకౌంటెంట్‌కి డి డ్రైవ్ మాయమవుతుంది, సూపరింటెండెంట్ గారికి కంట్రోల్ ప్యానెల్ తెరుచుకోదు. ఫోన్లు మొదలవుతాయి. సాయంత్రానికల్లా ఆ పాలసీ పీకేయమని పైనుంచి ఆర్డర్ వస్తుంది. చివరికి రాజీ ఏమిటంటే, ‘కౌంటర్1’ అని ఒక ఉత్తుత్తి మనిషిని పుట్టించి, కట్టుబాట్లన్నీ ఆ పేరుకి తగిలించి, కౌంటర్‌లో ఎవరు కూర్చున్నా ఆ పేరుతోనే లాగిన్ అవ్వమని చెప్పడం. ఇంతమంది వాడే పాస్‌వర్డ్ ఎక్కడో ఒకచోట రాసి పెట్టక తప్పదు, అదే ఆ కాగితం.

దీనివల్ల ఎవరికి నష్టం అంటే అందరికంటే కింద ఉన్నవాళ్లకి. నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో ఒక పేషెంట్ స్కాన్ రిపోర్టు ఫొటో బయటికి వెళ్లింది. ఇంట్లోవాళ్లు వచ్చి గొడవ చేశారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో సిస్టమ్ రాసుకునే లాగ్ తీసి చూస్తే రాత్రి షిఫ్ట్ మొదలయ్యే వేళకి ఆ ఫైల్ తెరిచారని ఉంది, తెరిచిన పేరు దగ్గర రిసెప్షన్ అని మాత్రమే ఉంది. ఆ సమయానికి ఒకరు దిగుతున్నారు, ఒకరు ఎక్కుతున్నారు, పక్క కౌంటర్ అమ్మాయి కూడా ప్రింట్ కోసం అక్కడే నిలబడి ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా వారం రోజుల రిపోర్టులు, బ్రౌజర్‌లో ఎవరిదో వాట్సాప్ వెబ్ లాగౌట్ కాకుండా అలాగే ఉంది. ఎవరు చేశారో తేలలేదు. తేలకపోయినా ఎవరో ఒకరి మీద చర్య తీసుకోవాలి కాబట్టి కాంట్రాక్టులో ఉన్న అందరికంటే చిన్నపిల్లని తీసేశారు. ఆ అమ్మాయి తాను చేయలేదని రుజువు చేసుకునే దారి ఆ సిస్టమ్‌లో లేదు. ఎవరి లాగిన్ వాళ్లకుంటే ఆ లాగే ఆమె తరఫున సాక్ష్యం చెప్పేది.

ఇంతకీ దారి ఏమిటంటే లూప్‌బ్యాక్ ప్రాసెసింగ్. కౌంటర్ సిస్టమ్‌ల ఓయూకి లింక్ చేసిన పాలసీలో కంప్యూటర్ సగంలోకి వెళ్లి, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, గ్రూప్ పాలసీ అనే వరసలో చూస్తే యూజర్ గ్రూప్ పాలసీ లూప్‌బ్యాక్ ప్రాసెసింగ్ మోడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే ఆ సిస్టమ్ మీద ఎవరు లాగిన్ అయినా, ఆ సిస్టమ్ ఓయూకి తగిలించిన యూజర్ సెట్టింగులు వాళ్లకి వర్తిస్తాయి. అదే మనిషి తన సీటుకి వెళ్లి లాగిన్ అయితే తన మామూలు సెట్టింగులే వస్తాయి. బస్సు ఏ డ్రైవర్ నడిపినా బ్రేకులు ఆ బస్సువే ఉన్నట్టు, కట్టుబాటు కౌంటర్‌దవుతుంది, పేరు మాత్రం మనిషిదే ఉంటుంది. ఫైళ్ల మీద ఆ మనిషికున్న పర్మిషన్లు, గ్రూపులు ఏవీ మారవు, ఇది చాలామంది అపోహపడే విషయం.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. రీప్లేస్ పెడితే మనిషి ఖాతాకి వచ్చే పాలసీల జాబితాని పక్కన పెట్టేసి కంప్యూటర్ వైపు జాబితా ఒక్కటే తీసుకుంటుంది. రిజిస్ట్రేషన్ కౌంటర్‌కి, లైబ్రరీలో అందరూ వాడే సిస్టమ్‌కి, ఆన్‌లైన్ పరీక్ష ల్యాబ్‌కి ఇదే సరైనది. మెర్జ్ పెడితే ముందు మనిషివి, తర్వాత కంప్యూటర్‌వి వస్తాయి, రెండింటికీ పొత్తు కుదరనిచోట కంప్యూటర్ మాటే చెల్లుతుంది. డ్యూటీ డాక్టర్ల గది లాంటి చోట, వాళ్లకి తమ నెట్‌వర్క్ డ్రైవ్ కావాలి, దాంతోపాటు స్క్రీన్ త్వరగా లాక్ కావాలి అనుకున్నప్పుడు మెర్జ్ బాగుంటుంది. ఊరికే అంతటా మెర్జ్ పెట్టేస్తే రెండు జాబితాలూ చదవాలి కాబట్టి లాగిన్ నెమ్మదిస్తుంది. స్క్రీన్ లాక్ ఒక్కటే కావాలంటే అసలు లూప్‌బ్యాక్ కూడా అక్కర్లేదు, విండోస్ 8 నుంచి కంప్యూటర్ సగంలోనే దానికో సెట్టింగ్ ఉంది.

ఇది చదివి రేపే ఆన్ చేసే తమ్ముళ్లకి రెండు జాగ్రత్తలు చెప్పాలి. లూప్‌బ్యాక్ అనేది ఒక్క పాలసీకి పరిమితం కాదు, ఆ కంప్యూటర్ మొత్తానికి వర్తిస్తుంది. డొమైన్ స్థాయిలో లింక్ అయి ఉన్న పాలసీల్లోని యూజర్ సెట్టింగులు కూడా కంప్యూటర్ వైపు జాబితాలోకి వచ్చేస్తాయి, అడ్మిన్‌గా మీరు లాగిన్ అయినా ఆ కట్టుబాట్లు మీకూ తగులుతాయి. అందుకని అడ్మిన్ గ్రూపుకి ఆ పాలసీ అప్లై కాకుండా ముందే డినై పెట్టుకోండి, మొదట ఒక్క సిస్టమ్‌ని టెస్ట్ ఓయూలో పెట్టి చూడండి. రెండోది, 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ తర్వాత యూజర్ పాలసీలని కూడా కంప్యూటర్ ఖాతా పేరు మీదే చదవడం మొదలైంది. పాలసీ ఎవరికి వర్తించాలో చెప్పే సెక్యూరిటీ ఫిల్టరింగ్‌లో ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే అందరి గ్రూపునీ తీసేసి ఒక్క ఉద్యోగుల గ్రూపునే ఉంచితే పాలసీ పనిచేయదు, డొమైన్ కంప్యూటర్స్ అనే కంప్యూటర్ల గ్రూపుకి రీడ్ పర్మిషన్ ఇవ్వాలి. లూప్‌బ్యాక్ పనిచేయట్లేదని నన్ను పిలిచినచోట్ల మొదట చూసేది ఇదే. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది జీపీరిజల్ట్ రిపోర్టు చూస్తే తెలిసిపోతుంది, ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు.

మన భాష సంగతి కూడా ఇందులో ఉంది. తెలుగు కీబోర్డు అనేది విండోస్‌లో యూజర్ వైపు సెట్టింగ్. ఒక గుమస్తా తన సీటులో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పెట్టుకుని చక్కగా తెలుగులో టైప్ చేస్తాడు, ఇంకో కౌంటర్‌కి వేస్తే అక్కడ తెలుగు ఉండదు, కంట్రోల్ ప్యానెల్ దాచేశారు కాబట్టి పెట్టుకోవడానికీ ఉండదు. వెనక క్యూ ఉంది, టెన్షన్. పేరుని ఇంగ్లీషులో కొట్టేస్తాడు, తర్వాత దాన్ని ఎవరో తెలుగులోకి మారిస్తే రమణ కాస్తా రామన అవుతుంది, ఆ పెద్దాయన దాన్ని సరిచేయించుకోవడానికి మళ్లీ అదే కౌంటర్ చుట్టూ తిరుగుతాడు. కౌంటర్ సిస్టమ్‌కే తెలుగు కీబోర్డు వచ్చేట్టు లూప్‌బ్యాక్‌తో పాటు పాలసీ ప్రిఫరెన్సెస్‌లో పెట్టేస్తే ఎవరు కూర్చున్నా తెలుగు సిద్ధంగా ఉంటుంది. దీన్ని ఎవరూ అడగరు, టెండర్ కాగితాల్లోనూ రాయరు, అందుకే జరగదు.

ఎవరి లాగిన్ వాళ్లు వాడితే షిఫ్ట్ మారినప్పుడల్లా ఆలస్యమవుతుందని మేనేజర్లు అంటారు. అది నిజమే, పాత హార్డ్‌డిస్క్ మీద మొదటిసారి ఆ మనిషి ప్రొఫైల్, అంటే తన డెస్క్‌టాప్, ఫోల్డర్లు, తయారవడానికి చాలాసేపు పడుతుంది, ఎదురుగా పేషెంట్లు నిలబడి ఉంటే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. కౌంటర్ సిస్టమ్‌లకైనా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయండి, కొత్తగా చేరినవాళ్లతో రద్దీ లేనప్పుడు ఒకసారి లాగిన్ చేయించి ఉంచండి. ఆ కాసేపటి ఆలస్యానికి భయపడి లాగ్‌ని పనికిరాకుండా చేసుకోవడం ఏం లెక్క? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. నూట ఎనభై రోజులూ ‘కౌంటర్1’ అని మాత్రమే రాసి ఉన్న లాగ్ దాచి ఏం చేసుకుంటారు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రతా ఏర్పాట్లు చేయకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటోంది. అక్కడ రిసెప్షన్‌లో ఎవరో చేశారంటే వినేవాళ్లు ఉండరు.

డొమైన్ లేని చిన్న ఆఫీసులు కూడా ఉన్నాయి, అక్కడ లూప్‌బ్యాక్ మాట రాదు. విండోస్ ప్రో ఎడిషన్ ఉంటే ఆ ఒక్క సిస్టమ్‌లోనే అడ్మిన్ కానివాళ్లందరికీ వర్తించేట్టు లోకల్ పాలసీ పెట్టుకోవచ్చు, విండోస్ విస్టా కాలం నుంచీ ఈ వీలుంది. హోమ్ ఎడిషన్ లాప్‌టాప్‌లు చవకగా వస్తున్నాయని కొంటే ఇదీ కుదరదు, డొమైన్‌లో చేర్చడమూ కుదరదు, కొనేముందే చూసుకోవాలి. సిస్టమ్‌లని క్లౌడ్ నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ సేవ ఇంట్యూన్ వాడే కంపెనీలు యూజర్ సెట్టింగులని డివైజ్ గ్రూపుకి కేటాయిస్తే దాదాపు మెర్జ్ పెట్టినట్టే పనిచేస్తుంది.

ఆసుపత్రులు, కాలేజీలు, ప్రభుత్వ కార్యాలయాలు నడిపే పెద్దలని నేను కోరేది ఇది. వచ్చే ఏడాది ఏఎంసీ (సిస్టమ్‌ల వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ కాగితం మీ టేబుల్ మీదకి వచ్చినప్పుడు అందులో ఒక షరతు రాయించండి: పబ్లిక్ కౌంటర్‌లో ఉమ్మడి లాగిన్ ఉండకూడదు, కట్టుబాట్లు కంప్యూటర్ ఓయూ నుంచే రావాలి, తెలుగు కీబోర్డు అందులో భాగంగా ఉండాలి. పని పూర్తయ్యాక ఇద్దరు వేర్వేరు ఉద్యోగులని అదే సిస్టమ్ మీద మీ ఎదుటే లాగిన్ చేయించి చూడండి, ఆ తర్వాతే బిల్లు మీద సంతకం పెట్టండి. మీ పత్రికలో కంప్యూటర్ శీర్షిక నడిపేవాళ్లు కూడా ఫోన్ చిట్కాలతో పాటు ఇలాంటి ఆఫీసు విషయాలు తెలుగులో రాయాలి, జిల్లాల్లో పని చేస్తున్న అడ్మిన్లకి ఇది ఇంగ్లీషు పేజీల్లో తప్ప దొరకట్లేదు. రాయడానికి మనిషి కావాలంటే నేను సిద్ధం.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ అడ్మిన్,
కాకినాడ