పేజీ ఇచ్చారు సరే, చోటు చెప్పరేం?

సంపాదకులకు నమస్కారం.

మొదటి పేజీ వార్త సగంలో ఆగితే మీరు చివర్న 'మిగతా 7లో' అని వేస్తారు. పత్రికంతా తిరగేసి వెతుక్కోమని పాఠకులకు చెప్పరు. ప్రభుత్వ ఆఫీసుల వెబ్‌సైట్లు మాత్రం జనానికి ఆ మాటే చెబుతున్నాయి. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. రోజూ చూసే బాధే కాబట్టి రాస్తున్నాను.

మొన్న నరసన్నపేట వైపు నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల హాస్టల్ సీటుకి ఏ కాగితాలు కావాలని అడిగితే, ఒక ఆఫీసువాళ్లు వాట్సాప్‌లో లింకు పంపి "అందులో అన్నీ ఉన్నాయి, చూసుకోండి" అన్నారట. పగిలిన స్క్రీన్ మీద బొటనవేలితో పైకి తోస్తూనే ఉంది. పథకం ఉద్దేశం, కమిటీ సభ్యులు, పాత ఉత్తర్వుల నంబర్లు... "బస్సెక్కిన కాడ్నుంచీ సూస్తన్నాను బాబూ, కాయితాల సంగతి నేదు" అంది. ఉంది. అట్టడుగున, ఫీజుల పట్టిక కూడా దాటాక. ఆదాయ ధ్రువపత్రం తేవాలని అక్కడ రాసి ఉంది. అదేమో ఇంట్లో ఉంది. మళ్లీ బస్సు.

ఆ పేజీకి పైన విషయసూచిక లేకపోలేదు. అర్హతలు, ఫీజులు, జతచేయాల్సిన పత్రాలు అని వరసగా ఉన్నాయి. నొక్కితే కదలవు. ఉత్త అక్షరాలు.

ఆమె వెళ్లాక ఊరుకోలేక పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిచి చూశాను. ప్రతి శీర్షికకీ లోపల ఒక పేరు, అంటే ఐడీ, ముందే ఉంది! సాఫ్ట్‌వేర్ దానంతటదే పెట్టి ఉంటుంది, వాడుకున్నవాడే లేడు. లింకు చివర హ్యాష్ గుర్తు (ఫోన్ డయల్‌లో సున్నాకి కుడిపక్కన ఉంటుందే, అది) పెట్టి ఆ పేరు కొట్టాను. పేజీ కదల్లేదు. తీరా చూస్తే పేరులో మొదటి ఇంగ్లిష్ అక్షరం పెద్దది, నేను చిన్నది కొట్టాను. ఇక్కడ ఆ తేడా కూడా లెక్కే. సరిచేయగానే టక్కున పత్రాల జాబితా దగ్గరికొచ్చి ఆగింది.

ఇందులో సర్వర్‌కి, అంటే ఆ సైటు ఉండే కంప్యూటర్‌కి, పనేమీ లేదు. హ్యాష్ తర్వాతి ముక్క అసలు సర్వర్ దాకా వెళ్లనే వెళ్లదు. సర్వర్ పేజీ మొత్తం ఇచ్చేస్తుంది, అంతే. ఆ పేరున్న చోటు వెతికి తెర మీదికి తెచ్చేది మన ఫోన్‌లోని బ్రౌజర్. అడిగినప్పుడల్లా వినబడే 'సర్వర్ మీద లోడ్ పడుతుందండీ' అన్న సాకు ఇక్కడ చెల్లదు.

చిక్కల్లా ఒకటుంది. పేజీనే తీసేస్తే 404, అంటే ఆ పేజీ లేదు, అని ముఖం మీద కనబడుతుంది. లోపలి పేరు మార్చేస్తే మాత్రం బ్రౌజర్ కిక్కురుమనదు. పేజీ మొదట్లో దించేసి ఊరుకుంటుంది. లింకు చెడిందని నొక్కినవాడికీ తెలీదు, పెట్టిన ఆఫీసుకీ తెలీదు. ఇంకో సైట్‌లో ఇంకో తమాషా: సరైన చోటికే తీసుకెళ్తుంది గానీ, పైన అతుక్కుపోయిన లోగోల పట్టీ శీర్షికను కప్పేస్తుంది. జనం తప్పు చోటికొచ్చామనుకుని వెనక్కి పోతారు. డిజైన్ ఫైల్లో ఒక్క లైనుతో పోయే జబ్బది.

ఆ లోపలి పేర్లు తెలుగులోనూ పెట్టొచ్చు. కానీ నా మాట వింటే వద్దు. లింకు కాపీ చేసేటప్పుడు తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటీ పర్సెంట్ గుర్తులతో కలిపి తొమ్మిదేసి అక్షరాలవుతుంది. 'అర్హతలు' అన్న ఒక్క మాట 63 అక్షరాల తోక అవుతుంది. వాట్సాప్‌లో అలాంటిది చూస్తే మావాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. శీర్షిక తెలుగులో ఉంచి, లోపలి పేరు చిన్న ఇంగ్లిష్ మాట పెడితే సరి.

చాలా నోటిఫికేషన్లు పీడీఎఫ్‌లే అంటారా? వాటి లింకు చివర కూడా హ్యాష్, ఇంగ్లిష్‌లో పేజ్, ఈక్వల్ గుర్తు, 31 అని పెడితే కంప్యూటర్ బ్రౌజర్లో నేరుగా 31వ పేజీ తెరుచుకుంటుంది. ఫోన్లో ఫైలు డౌన్‌లోడ్ అయి వేరే యాప్‌లో తెరుచుకుంటే ఈ కిటుకు పారదు. అందుకే పత్రాలు, ఫీజు, ఆఖరు తేదీ మామూలు పేజీలో కూడా పెట్టాలి.

ఆఫీసులు కదిలేదాకా మనం చేయగలిగేది ఒకటుంది. క్రోమ్ బ్రౌజర్లో ఒక వాక్యం సెలెక్ట్ చేసి, సరిగ్గా ఆ వాక్యానికే తీసుకెళ్లే లింకు కాపీ చేసి పంపొచ్చు. తెరవగానే ఆ వాక్యం రంగు పూసి కనబడుతుంది. పేజీలో ఆ మాటలు మార్చేస్తే అదీ మొదటికే వస్తుందనుకోండి.

జిల్లా అధికారులను అడిగేది కొత్త సైట్లు కాదు. ఉన్న విషయసూచికలోని మాటలకు లింకులు తగిలించండి. ఫోన్ చేసినవాళ్లకు పేజీ లింకు కాకుండా, అడిగినదాని దగ్గరికి వెళ్లే లింకు పంపండి. నరసన్నపేట ఆమెకి నేను పంపిన లింకు అప్పుడే వాళ్ల ఊళ్లో ఇంకో నలుగురి ఫోన్లకి చేరిందట. వచ్చే ఏడు ఆ పేజీ సవరించేటప్పుడు, ఆ లోపలి పేరు మాత్రం తీసేయకండి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
శ్రీకాకుళం