శాంపిళ్లు తీసుకెళ్లినవాళ్లు ఫలితమూ చెప్పాలి: విద్యాశాఖ మంత్రికి ఒక రొయ్యల రైతు లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మన విశ్వవిద్యాలయాలను ప్రపంచ స్థాయికి తీసుకెళ్తామని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. ఆ స్థాయి ఏమిటో మా రొయ్యల రైతులకు ఎప్పుడో తెలిసింది. చైనా, వియత్నాం, థాయ్‌లాండ్‌లలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన నెలలోపే చెరువులకు చెరువులు ఖాళీ చేసిన ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) రోగానికి కారణం ఒక రకం విబ్రియో బ్యాక్టీరియా అని 2013లో తేల్చింది అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలోని డొనాల్డ్ లైట్నర్ బృందం. ఆ విశ్వవిద్యాలయం ఉన్నది టూసాన్ అనే ఎడారి ఊళ్లో. సముద్రమే లేని చోట!

మనకేమో సముద్రం పక్కనే ఉంది. మా నెల్లూరు జిల్లాలోనే ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, కాకుటూరులో 2008లో పెట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది.

ఇప్పుడు మమ్మల్ని తినేస్తున్నది ఈహెచ్‌పీ అనే కంటికి కనిపించని పరాన్నజీవి. 2009లో థాయ్‌లాండ్ పరిశోధకులు దీనికి పేరు పెట్టారు. నమ్మకమైన మందు ఇప్పటికీ లేదు. ఇది సోకితే రొయ్య వెంటనే చావదు, అలాగని పెరగదు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత ఖాళీ అవుతూనే ఉంటుంది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) మాత్రం కదలదు. వల విసిరితే ఒకే చెరువులో మూడు సైజులు పడతాయి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బిల్లు ఎటూ తప్పదు.

ఆ మధ్య ఒక పరిశోధక బృందం మా గట్టుకొచ్చి నీళ్లు, బురద, రొయ్యలు సీసాల్లో పట్టుకెళ్లింది. వాళ్ల పరిశోధన పేపరు విదేశీ జర్నల్లో అచ్చయిందట, సంతోషమే. మా చెరువులో ఏముందో మాకు చెప్పిన నాథుడు లేడు. చివరికి మందుల షాపతను చెప్పిందే వేదమని డబ్బాలు కొన్నాం. ఆ బృందంలోని పిల్లలను తప్పుపట్టను. అధ్యాపకుల ప్రమోషన్‌కు పేపర్లు లెక్కపెడతారు గానీ చెరువులు లెక్కపెట్టరు కదా!

అమెరికాలో 1914లోనే స్మిత్-లీవర్ చట్టం చేసి, పరిశోధన ఫలితాన్ని రైతు దగ్గరకు చేర్చే పనికి నిధులిచ్చారు. నేను అంత పెద్దది అడగడం లేదు. ఎవరి చెరువులో శాంపిల్ తీసుకున్నారో ఆ రైతుకు ఫలితం తెలుగులో రాసివ్వాలని, అది ఇచ్చాకే థీసిస్ తీసుకోవాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. అధ్యాపకుల పదోన్నతిలో ఆ పనికీ మార్కులు వేయండి. ఈహెచ్‌పీ గుట్టు కాకుటూరులో తేలితే ఇండోనేషియా రైతు కూడా మన వైపు చూస్తాడు. వేసవి పంటకు సీడ్ వదిలేలోపు ఆ ఉత్తర్వు వస్తే, ఈ పంటకే పనికొస్తుంది.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా