వానలకు ముందే మందుల పెట్టెలు

అన్నలకు, అక్కలకు నమస్తే.

వచ్చే ఆదివారం మన మందుల వ్యాన్ తాడ్వాయి వైపు గూడేలకు పోతోంది. వానలు మొదలైతే జంపన్న వాగు దాటడం కష్టం. అందుకే డాక్టర్ చూసి రాసిచ్చాక బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు రెండు నెలల గోళీలు ఒకేసారి ఇద్దాం. 2023 జులైలో మోరంచపల్లి మునిగినప్పుడు జనాన్ని కాపాడడానికి ఆర్మీ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, గుర్తుంది కదా.

ఆస్ట్రేలియాలో జాన్ ఫ్లిన్ అనే పాస్టర్ చొరవతో 1928లో విమానంలో డాక్టర్‌ను పంపే సేవ మొదలైంది. ఇప్పటి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ అదే. విమానం మన వల్ల అయ్యేది కాదు గానీ, వాళ్ల మందుల పెట్టె పద్ధతి నాకు చాలా నచ్చింది. దూరపు ఊళ్లలో ఉంచే ఆ పెట్టెలో ప్రతి మందుకూ ఒక నంబర్ ఉంటుంది. డాక్టర్ ఫోన్‌లో రోగి పరిస్థితి విని, ఫలానా నంబర్ మందు ఇవ్వమని చెప్తారు. మందు పేరు చదవడం రాకున్నా ఇబ్బంది లేదు.

పీహెచ్‌సీ డాక్టర్ గారు ఒప్పుకుంటే, సిగ్నల్ అందే ఒక గూడెంలో ఆశ అక్క దగ్గర ఇలాంటి పెట్టె పెట్టి చూద్దాం. పాము కాటుకు, కాన్పుకు మాత్రం పెట్టెను నమ్ముకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. నెలలు నిండినవాళ్లను వాగు పొంగకముందే ఏటూరునాగారం చేర్చాలని ఇంటింటికీ చెప్పాలి.

కోయ భాష వచ్చినవాళ్లు తప్పకుండా రండి, మీరే మాకు ముఖ్యం. ఇంట్లో వాడగా మిగిలిన మందులు దయచేసి తేవద్దు. బీపీ మిషన్ ఉంటే తెండి. పొద్దున 6 గంటలకు హనుమకొండలో బయలుదేరుతాం, శుక్రవారంలోపు పేర్లు పెట్టండి.