కలెక్టర్ గారూ, మన మిద్దెల మీద ఎండ ఊరికే పోతా ఉంది

తిరుపతి కలెక్టర్ గారికి నమస్కారమండి. మొన్న పనిమీద ఒక ఆఫీసుకి పోతే భోజనాల టైములో హాల్లో ఒక్కరు లేరు, పైన పదకొండు ఫ్యాన్లు తిరగతానే ఉన్నాయి, కిటికీలు మూసేసి ట్యూబులైట్లు వేసి పెట్టినారు, బయటేమో కళ్ళు చెదిరే ఎండ. నేనే స్విచ్‌లు ఆపేసి వచ్చినా, కానీ మనసు ఊరుకోలే.

మన కొండ మీద 2002లోనే వంటకి సోలార్ ఆవిరి వాడినారు కదా, కింద మనమెందుకు నేర్చుకోకూడదండీ? పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉండే బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 30 వాట్లకి అటూ ఇటూ, రోజుకి పది గంటలు తిరిగినా ఒక్క ఫ్యానుకే నెలకి 13 యూనిట్లు మిగులుతాయి. మిద్దెకి తెల్ల సున్నం కొడితే గది ఎంత చల్లబడుతుందో మా అమ్మ ప్రతి ఎండాకాలం చేసి చూపిస్తుంది. ఇంటి మిద్దె మీద సోలార్ పెట్టుకునే కేంద్ర పథకం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉందని తెలిసినోళ్ళకి కూడా ప్యానెల్ దక్షిణం వైపు వంచి పెట్టాలని, నీళ్ళ ట్యాంకు నీడ పడకూడదని చెప్పేవాళ్ళు లేరు.

గ్రామ, వార్డు సచివాలయాల్లో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు కదా, నెలకొకసారి వాళ్ళ చేత జనానికి, ఐటీఐ పిల్లలకి ఇవన్నీ దగ్గరుండి చూపించండి. ముందు ఆఫీసుల కరెంటు బిల్లులు నోటీసు బోర్డు మీద అంటించండి, లెక్కలు పిల్లలే వేస్తారు.