బొమ్మ టౌన్‌హాలుది, పేరు గెయిటీది

సంపాదకుడిగారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సిమ్లాలోని పాత నాటకశాల గెయిటీ థియేటర్ మీద అరపేజీ వ్యాసం వచ్చి మూడు వారాలైంది. ఎవరో ఒకరు రాస్తారులే, మీరే చూసుకుని సవరణ వేస్తారులే అని ఆగాను. రెండు ఆదివారాలు లోపలి పేజీల్లో కింది మూలల దాకా వెతికాను, లేదు. ఈలోపు ఆ కటింగ్‌నే నలుగురు నాకు వాట్సాప్‌లో పంపారు, "మీరూ వెళ్లొచ్చారుగా, చూశారా" అంటూ. వెళ్లొచ్చాను కాబట్టే ఈ ఉత్తరం.

ముందు బొమ్మ సంగతి. మీరు అంత పెద్దగా వేసింది గెయిటీ బొమ్మ కాదండీ, 1908లో కట్టిన టౌన్‌హాలుది. మాల్ రోడ్డులో రెండూ దగ్గర దగ్గరే ఉంటాయి. పైగా గెయిటీ కూడా 1887లో కట్టినప్పుడు అప్పటి టౌన్‌హాలు సముదాయంలో భాగమే, కాబట్టి పేరు దగ్గర తికమక పడ్డారంటే సరే అనుకుంటాను. బొమ్మ దగ్గర కూడానా? గెయిటీ రాతి కట్టడం, కోసుగా లేచిన గోతిక్ కమానులు. టౌన్‌హాలుకి గోడల మీద చెక్క దూలాలు కనిపిస్తుంటాయి. పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడు చెప్తాడు తేడా.

ఇక "1887 నుంచి చెక్కుచెదరకుండా నిలిచిన కట్టడం" అట. కట్టి పాతికేళ్లు తిరక్కుండానే పై అంతస్తులు ప్రమాదకరంగా ఉన్నాయని తేలి, 1911 ప్రాంతంలో వాటిని విప్పేశారు. ఒకప్పటి భవనంలో ఇప్పుడు మనం చూసేది కింది భాగమే. ఆ మిగిలిందాన్ని కూడా 2000 తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతు చేసి 2009లో మళ్లీ తెరిచారు. నన్నడిగితే అసలు కథ ఆ మరమ్మతే, మీ వ్యాసంలో దాని ఊసే లేదు. నక్షా గీసిన హెన్రీ ఇర్విన్ పేరూ లేదు. మనవాళ్లు బస్సులు కట్టుకుని వెళ్లి చూసొచ్చే మైసూరు ప్యాలెస్ గీసింది ఆయనే, సిమ్లాలో వైస్రాయి బంగళా గీసిందీ ఆయనే. ఆ ఒక్క ముక్క రాసినా తెలుగు పాఠకుడు అక్కడ ఓ క్షణం ఆగేవాడు.

చోటు చాలక వదిలేశారా అంటే అదీ కాదు. సెల్ఫీకి ఎక్కడ నిలబడాలో, ఎన్నింటికి వెలుతురు బాగుంటుందో ఒక పేరా. బయట ఏం తినాలో ఇంకో పేరా. టికెట్ తీసుకుంటే లోపలికి వెళ్లి చూడొచ్చని, చూపించి చెప్పడానికి మనిషి ఉంటాడని మాత్రం ఒక్క వాక్యం లేదు. రాసినాయన గుమ్మం దాటలేదని నా గట్టి అనుమానం.

మేం దాటాం. నిరుడు మే నెలలో, నేనూ మా ఆవిడా. అంత పేరున్న నాటకశాల కదా, చాలా పెద్దది కాబోలు అనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే మూడు వందల మంది పడితే గొప్ప. గుర్రపు లాడంలా వంపు తిరిగి ఉంటుంది, పైన బాల్కనీ, చివరి కుర్చీలో వాడికి కూడా నటుడి కనుబొమ కదిలితే తెలిసేంత దగ్గర. నేను బాల్కనీలో వెనక నిలబడ్డాను. కింద వేదిక ముందు, చూపించే కుర్రాడు మామూలు గొంతుతో మిగతావాళ్లకి చెప్తున్నాడు. ఇక్కడ జంగిల్ బుక్ రాసిన కిప్లింగ్ వేషం వేశాడని, స్కౌట్ ఉద్యమం పెట్టిన బేడెన్ పావెల్ వేశాడని, మనవాళ్లలో సైగల్, పృథ్వీరాజ్ కపూర్ ఆడారని. మైకు లేదు. ప్రతి మాటా నా పక్కన కూర్చుని చెప్తున్నట్టే వినిపించింది. నలభై ఏళ్లు పరిషత్తు నాటకాల్లో గొంతు చించుకున్నవాణ్ణి, ఎత్తుకున్న పద్యం మూడో వరస దాటేసరికి ముక్కలైపోయే హాళ్లలో ఆడినవాణ్ణి, ఆ నిమిషం ఉండబట్టలేక రాయబారం పద్యం ఒక పాదం మెల్లిగా ఎత్తుకున్నాను. కింద కుర్రాడు మాట ఆపి తల పైకెత్తాడు. మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది. అతను నవ్వి కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. సిగ్గేసి దిగొచ్చేశాను. రెండో పాదం ఎందుకు అందుకోలేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అక్కడే మనసులో లెక్క వేసుకున్నాను. గెయిటీ తెర లేచింది 1887లో. మన రాజమహేంద్రవరంలో కందుకూరివారు విద్యార్థులకి వేషాలు కట్టించి నాటకం ఆడించింది 1880లో. కడప జిల్లా సురభిలో వనారస వాళ్లు కీచక వధ ఆడింది 1885లో, ఆ కుటుంబాల వాళ్లు తరాలు మారినా ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు. 1892కల్లా విజయనగరంలో కన్యాశుల్కం రంగం ఎక్కింది. 1929లో తెనాలిలో నాటక కళాపరిషత్తే పెట్టుకున్నాం. అంటే కొండమీద దొరల కోసం తెర లేచేసరికే ఇక్కడ మన తెర లేచి ఏడేళ్లు. ఇంత ఉండీ, మనవణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, టికెట్ కొని, ఇదిగో ఇక్కడ ఆడారు, ఇదిగో వేషం వేసుకున్న గది అని చూపించే పాత నాటకశాల ఎక్కడుందో చెప్పండి. ఉంటే ఇంకో ఆదివారం అరపేజీ దానికివ్వండి, మొదటి రైలుకి నేను బయల్దేరతాను.

మా ఊళ్లోనూ ఉంది ఒక పాత హాలు. పేరు రాయను. చదివిన ప్రతివాళ్లూ తమ ఊరిదే అనుకుంటారు కాబట్టి రాయాల్సిన పనీ లేదు. ఆధునికీకరణ అని పాత చెక్క వేదిక పీకేసి గ్రానైట్ పరిచారు. చెక్క మీద భీముడు అడుగేస్తే చివరి వరసకి తెలిసేది. గ్రానైట్ మీద అడుగు చప్పుడు కాదు, జారిపడితేనే అవుతుంది. ఫాల్స్ సీలింగ్ వేశాక గొంతు ఎటు పోతోందో ఆ దేవుడికే తెలియాలి. ఫ్యాన్లు వేస్తే మాట వినపడదు, ఆపితే మనిషి కూర్చోలేడు. బాత్రూమ్‌కి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. మేకప్ గదిలో విరిగిన కుర్చీలు, పాత ఎన్నికల అట్టపెట్టెలు. అద్దం ఉండాల్సిన చోట మేకు మాత్రం మిగిలింది. పోయిన ఏడాది దుర్యోధనుడు గద గోడకి ఆనించి, వరండాలో ఎవరిదో స్కూటర్ అద్దంలో చూసుకుంటూ మీసం అతికించుకోవడం నేను కళ్లారా చూశాను. అతను బ్యాంకులో ఆఫీసరు, సెలవు పెట్టి, సొంత డబ్బుతో కిరీటం అద్దెకి తెచ్చుకుని వచ్చాడు.

సరే ఇవన్నీ ఓర్చుకుని కూర్చుందామంటే నాటకం మొదలవ్వాలిగా. కరపత్రంలో ఆరున్నర. ఆరున్నరకి వెళితే వేదిక మీద పన్నెండు కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, శాలువా కప్పినాయనకి మళ్లీ శాలువా. తొమ్మిదింటికి ముఖ్య అతిథి మైకు అందుకుని, నాటకాన్ని బతికించుకోవడం మనందరి బాధ్యత అని గట్టిగా చెప్పి, తెర లేవకముందే కారెక్కారు. ముందు రెండు వరసల సోఫాలూ ఆయన వెనకే ఖాళీ. మిగిలింది నటుల ఇంటివాళ్లు, నాలాంటి ముసలివాళ్లు, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరివారి పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తారు కదా. మా ఊళ్లో కిందటేడు ఆ సభ కల్యాణమండపంలో పెట్టారు. ఎందుకయ్యా అంటే, నాటకాల హాలు ఆ వారమంతా చీరల ఎగ్జిబిషన్‌కి అద్దెకిచ్చేశారట! అడిగితే "ఆదాయం కూడా చూసుకోవాలి కదండీ మాస్టారూ" అన్నాడు గుమాస్తా. అతని తప్పేం లేదు పాపం, పైనుంచి ఏం చెప్తే అది చేస్తాడు. ఆ పైన ఉన్నవాళ్లలో ఒక్కరైనా ఆ హాలులో కూర్చుని ఒక నాటకం చివరిదాకా చూశారా అని నా సందేహం. 1876లో తెల్లవాళ్లు నాటకమంటే జడిసి ప్రత్యేకంగా చట్టమే చేశారు, అది 2018లో గానీ పూర్తిగా రద్దు కాలేదు. వాళ్లు కనీసం నాటకంలో ఏముందో చూశారు!

మీ పత్రికనీ వదలను, ఏమీ అనుకోకండి. ఒకప్పుడు ప్రదర్శన అయిన రెండో రోజు మీ దగ్గర సమీక్ష వచ్చేది. ఫలానా పాత్రధారి రెండో రంగంలో మాట తడబడ్డాడని పేరు పెట్టి రాసేవాళ్లు. ఒకసారి ఆ పాత్రధారిని నేనే, వారం రోజులు వీధిలో తల ఎత్తుకోలేకపోయాను. ఆ కటింగ్ ఇప్పటికీ బీరువాలో ఉంది. ఇప్పుడు నాటకం వార్త అంటే శాలువా ఫోటో, దాని కింద అతిథుల పేర్లు. మొన్నటి వార్తలో ఆడిన నాటకం పేరే లేదు.

సవరణ ఎలాగూ వేయాలి కాబట్టి, దానికి సరైన బొమ్మ కావాలంటే నా ఫోన్‌లో ఉన్నది పంపుతాను. బయటిది కాదు, బాల్కనీ నుంచి వేదిక కనిపించేలా తీసింది. కాకపోతే ఓ మూల మా ఆవిడ చెయ్యి, అది లాగుతున్న నా చొక్కా కూడా పడ్డాయి. అది మీరు కత్తిరించుకోవాలి.

— ఒక పాత పరిషత్తు నటుడు