మా తాతల పని రాసి ఉన్న ఆ రికార్డు గడిని కాపాడండి: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలు. దేవరకొండ ప్రాంతంలోని మా ఊరి పాత రికార్డుల గురించి ఇదివరకే నాలుగు వినతిపత్రాలు ఇచ్చాను. రసీదులు నాలుగూ నా దగ్గర ఉన్నాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈ విన్నపం నలుగురి ముందు పెట్టవలసి వచ్చింది.

మా వంశం ఊరి చెరువుకు నీరడితనం చేసింది. తూము ఎత్తడం, వంతుల ప్రకారం ఆయకట్టుకు నీళ్లు పారించడం, ముసురు పట్టిన రాత్రుల్లో గండి పడకుండా కట్ట మీద కాపలా ఉండడం వాళ్ల పని. కోతలయ్యాక కళ్లంలో రైతులు కొలిచిన గింజలూ, కొద్దిపాటి ఇనాం భూమీ వాళ్ల బతుకు. ఇదంతా మా నాయనమ్మ చెప్పగా విన్నదే. కాగితంగా మాకు మిగిలింది 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారో రాసిన రికార్డు) నకలు ఒక్కటే. అందులో మా ముత్తాత పేరు పక్కన ఉర్దూలో ఉన్న రెండు మాటలను ఊళ్లో ఒక పెద్దాయన ‘నీరడి ఇనాం’ అని చదివి చెప్పిన రోజు మా నాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అంతకు ముందుతరం వాళ్ల పేర్లు సేత్వారులో, అంటే నిజాం కాలపు భూసర్వే రిజిస్టరులో ఉండాలి. దాని కోసం ఆఫీసుకు పోయిన ప్రతిసారీ ఒక కొత్త మాట విన్నాను: ఉర్దూ చదివేవాళ్లు లేరన్నారు, బీరువా తాళం ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడన్నారు, భూమి తగాదా లేనప్పుడు నీకీ కాగితమెందుకన్నారు. మూడోసారి దయతలచి విప్పిన కట్టలో పుటల అంచులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. స్కానింగు అయిపోయిందన్న పుటల్లో సర్వే నంబరూ విస్తీర్ణమూ కనిపిస్తున్నాయి గాని, కైఫియత్ గడి, అంటే వివరాలు రాసే గడి, సగం తెగిపోయింది. మావాళ్ల పని ఏమిటో రాసి ఉండేది ఆ గడిలోనే.

1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు ఇళ్లలో ఉండిపోయిన దస్త్రాలు ఎన్నో చెదల పాలయ్యాయి. భద్రంగా చేరినవాటినైనా పోనివ్వకండి. పట్టా లేకుండా దున్నినవాళ్ల పేర్లు ఖాస్రాలోని సాగు గడిలో ఉంటాయి. వాళ్ల మనవలు రేపు ఎక్కడ వెతుక్కోవాలి?

ప్రతి పుటనూ అంచుల దాకా మళ్లీ ఫొటో తీయించండి, ఉర్దూ తెలిసిన విశ్రాంత ఉద్యోగులను పిలిపించి చదివించండి, అడిగినవారికి కైఫియత్‌తో సహా నకలు ఇప్పించండి. మా నాయనకు ఎనభై దాటాయి. నేను ఊరికి తిరిగి వచ్చిన ప్రతిసారీ ‘దొరికిందా’ అని అడుగుతాడు. దయచేసి ఆ ఒక్క పుట ఆయన చేతికి అందేలా చూడండి.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నీరడి కుటుంబం వారసుడు